ఊలు తోరణం ఎలా అల్లాలి: క్రోషేతో మామిడాకులు, బంతిపూలు

పండగ దగ్గరపడేసరికి అందరూ అడిగేవి ఈ మూడే. గుమ్మానికి సరిపడా తోరణానికి ఎంత ఊలు కొనాలి? ఆకులు పడవల్లా ఎందుకు ముడుచుకుంటున్నాయి? కట్టిన కొన్నాళ్లకే మధ్యలో ఎందుకు వేలాడిపోతోంది? మూడింటికీ జవాబులు ఇందులో ఉన్నాయి. గొలుసు కుట్టు వేయడం, హుక్ పట్టుకోవడం వచ్చినవాళ్లకు రోజుకో గంట చొప్పున పది పన్నెండు రోజుల పని. బొత్తిగా కొత్తవాళ్లయితే ముందు రెండు రోజులు గొలుసు, సింగిల్, డబుల్ మాత్రమే సాధన చేసి రండి.

ఒక్క మాట ముందే. తోరణం పాడయ్యేది కుట్టు రాక కాదు. మొదటి ఆకు, మొదటి పువ్వు సరిగ్గా చూసుకోకుండా పదకొండు ఆకులూ గబగబా అల్లేయడం వల్ల. కాబట్టి ఒక్కో రకం ఒక్కోటే చేసి, పరీక్షించి, అప్పుడు మిగతావి మొదలుపెట్టండి.

ఏమేం కావాలి

ఇక్కడి లెక్కలన్నీ 40 అంగుళాల తోరణానికి. మూడడుగుల తలుపుకి ద్వారబంధం కూడా కలిపితే దాదాపు ఇంతే వస్తుంది. మీది టేపుతో కొలుచుకోండి. తలుపు రెక్క వెడల్పు కాదు, మేకుకీ మేకుకీ మధ్య దూరం కొలవాలి.

- అక్రిలిక్ ఊలు, మధ్యరకం మందం (లేబుల్ మీద 3 అంకె లేదా డీకే అని ఉంటుంది). ముదురాకుపచ్చ, పసుపు, నారింజ, మెరూన్ రంగుల్లో 50 గ్రాముల ఉండ ఒక్కొక్కటి. ఇది కావలసినదానికంటే ఎక్కువే. ఆకుకి సుమారు 3 మీటర్లు, పువ్వుకి 7 మీటర్లు, పట్టీకి 28 నుంచి 30 మీటర్లు పడుతుంది. తోరణం మొత్తం తూకం 60-70 గ్రాములు దాటదు. మిగిలిన ఊలు తప్పులు విప్పి మళ్లీ అల్లుకోవడానికి.
- 3.5 మి.మీ. హుక్. గొలుసు బిగించే అలవాటున్నవాళ్లు 4 మి.మీ.ది కూడా దగ్గర ఉంచుకోండి.
- మొద్దుమొన, పెద్ద కన్ను ఉన్న ఊలు సూది. పదునైన సూది ఊలు పోగుల్ని చీల్చేస్తుంది.
- పిన్నీసులు ఓ పాతిక. కుట్లకు గుర్తులు పెట్టే ప్లాస్టిక్ క్లిప్పులు కొననక్కర్లేదు.
- 2-3 మి.మీ. నైలాన్ తాడు రెండు మీటర్లు. ఇది మర్చిపోతే తోరణం వేలాడటం ఖాయం.
- ఆకుల కొసలకు పదకొండు పూసలు లేదా చిన్న మువ్వలు.
- కత్తెర, టేపు.

ఊలు కొనేటప్పుడు లేబుల్ మీద లాట్ నంబర్ చూడండి. ఒకే రంగు రెండు ఉండలు తీసుకుంటే రెండింటి మీదా అదే నంబర్ ఉండాలి. షాపులో ఒకేలా కనిపించిన పచ్చ రంగులు గుమ్మం దగ్గర ఎండలో వేర్వేరుగా తేలిపోతాయి. ఉండగా కాకుండా లచ్చిగా అమ్మితే ఇంటికి రాగానే కుర్చీ వెనక వేసుకుని ఉండ చుట్టేయండి. లచ్చి నుంచి నేరుగా అల్లితే పది నిమిషాల్లో చిక్కుపడుతుంది, ఆ చిక్కు తీయడానికి పూట గడిచిపోతుంది.

కాటన్ దారంతో చేయొచ్చా అంటే, చేయొచ్చు. ఆకు నిగారింపుగా వస్తుంది, గంజి పెడితే నిటారుగా నిలుస్తుంది. కానీ బరువెక్కువ, సాగుతుంది. పైగా ముదురు ఎరుపు, మెరూన్ కాటన్ రంగు దిగే ప్రమాదం ఉంది. జానెడు దారం తడిపి తెల్ల గుడ్డలో పది నిమిషాలు నొక్కి ఉంచండి. గుడ్డకి రంగు అంటితే ఆ దారం దీనికి పనికిరాదు. ఇక నరసాపురం లేసు అల్లే సన్న దారం, సన్న ఉక్కు సూది వేరే ప్రపంచం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం అందమే వేరు, కానీ గుమ్మం ఎత్తులో కట్టే తోరణానికి అంత సన్నపని కింద నిలబడి చూసేవాళ్లకు కనబడదు.

రంగుల ఎంపికకు ఒక చిట్కా. ఉండలన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండు రంగులు ఒకే బూడిదరంగులో కలిసిపోతే, దూరం నుంచి చూసినప్పుడు కూడా కలిసిపోతాయి. ముదురాకుపచ్చ, మెరూన్ తరచుగా ఇలా దొరికిపోతాయి. అందుకే ఈ రెండింటి మధ్య ఎప్పుడూ పసుపు కనపడేలా చూడండి. మీ తలుపు ముదురు టేకు రంగైతే మెరూన్ పట్టీ దానిలో కరిగిపోతుంది, పట్టీకి మీగడ రంగు తీసుకోండి.

పేర్ల గొడవ తేల్చుకోండి

వీడియోలు చూసి అల్లేవాళ్లు ఎక్కువగా పడిపోయే గొయ్యి ఇది. అమెరికావాళ్లు సింగిల్ అనేదాన్నే బ్రిటిష్‌వాళ్లు డబుల్ అంటారు. అమెరికన్ డబుల్ వాళ్లకు ట్రెబుల్. మీరు చూస్తున్న నమూనాలో సింగిల్ అనే మాట ఎక్కడైనా వస్తే అది అమెరికన్ పద్ధతి అనుకోవచ్చు. ఇక్కడ వాడింది కూడా అదే.

- గొలుసు: దారం హుక్‌కి తగిలించి ఉచ్చులోంచి లాగడం.
- స్లిప్ కుట్టు: కుట్టులోకి హుక్ దూర్చి, దారం పట్టి, అన్నింటిలోంచి ఒకేసారి లాగేయడం.
- సింగిల్: దూర్చి దారం లాగితే హుక్ మీద రెండు ఉచ్చులు. దారం పట్టి రెండింటిలోంచి లాగాలి.
- హాఫ్ డబుల్: ముందే ఒకసారి దారం చుట్టుకుని దూర్చాలి. మూడు ఉచ్చులు వస్తాయి, మూడింటిలోంచి ఒకేసారి లాగాలి.
- డబుల్: అలాగే మూడు ఉచ్చులు వచ్చాక, మొదట రెండింటిలోంచి, మళ్లీ దారం పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగాలి.

ఎత్తు కూడా ఈ వరుసలోనే పెరుగుతుంది. ఆకు మధ్యలో వెడల్పుగా, చివర్లో సన్నగా రావడానికి మనం వాడుకునేది ఈ ఎత్తుల తేడానే. ఎడమచేతి వాటం వాళ్లు అద్దంలో చూసినట్టు అటు నుంచి ఇటు అల్లితే చాలు, లెక్కలు మారవు.

మామిడాకు

1. మొదట్లో జానెడు తోక వదిలి 19 గొలుసులు వేయండి. వదులుగా వేయండి. హుక్ మందంగా ఉన్న భాగం ప్రతి గొలుసులోంచీ ఇబ్బంది లేకుండా జారాలి. జారకపోతే గొలుసు వరకు 4 మి.మీ. హుక్‌తో వేసి, తర్వాత 3.5కి మారండి.

2. హుక్ మీద ఉన్న ఉచ్చుని లెక్కపెట్టకండి. హుక్ పక్కనున్న గొలుసు ఒకటి, దాని తర్వాతది రెండు. ఆ రెండో గొలుసులో మొదటి సింగిల్ వేయండి. వెంటనే దానికి పిన్నీసు పెట్టండి, చివర్లో దీన్ని వెతుక్కోవాలి.

3. ఇప్పుడు వరుసగా ఒక్కో గొలుసులో ఒక్కో కుట్టు: 2 హాఫ్ డబుల్, 6 డబుల్, 4 హాఫ్ డబుల్, 4 సింగిల్. ముందు వేసిన సింగిల్‌తో కలిపి 17 కుట్లు. గొలుసు ముందువైపు జడలా కనిపిస్తుంది. ఆ జడలోని పై పోగు కిందికే హుక్ దూర్చండి. కింది పోగుని వదిలేయండి, రెండోవైపుకి అది కావాలి.

4. ఆగి లెక్కపెట్టండి. 17 కుట్లు, ఒకే ఒక్క గొలుసు మిగిలి ఉండాలి. రెండు మిగిలితే ఎక్కడో కుట్టు తగ్గింది, లేదా ఒకే గొలుసులో రెండు వేశారు. ఏమీ మిగలకపోతే మధ్యలో ఒక గొలుసు వదిలేశారు, లేదా గొలుసులే 18 వేశారు.

5. మిగిలిన ఆ చివరి గొలుసులో: 1 సింగిల్, 2 గొలుసులు, అదే గొలుసులో మళ్లీ 1 సింగిల్. ఆకు మొన ఇదే. ఈ రెండు గొలుసులు మరిచిపోతే మామిడాకు కాస్తా తమలపాకు కొసలా మొద్దుగా వస్తుంది.

6. పనిని వెనక్కి తిరగేయకుండా, అలాగే గుండ్రంగా తిప్పండి. మొదటివైపు వదిలేసిన కింది పోగుల్లో తిరుగు ప్రయాణం: 4 సింగిల్, 4 హాఫ్ డబుల్, 6 డబుల్, 2 హాఫ్ డబుల్, 1 సింగిల్. మొదట్లో వదిలిన తోక మొన దగ్గరే ఉంటుంది. దాన్ని అంచు వెంబడి పడుకోబెట్టి దాని మీదుగా అల్లేయండి. తర్వాత సూదితో దాచే పని తప్పుతుంది.

7. పిన్నీసు పెట్టిన మొదటి సింగిల్‌లో స్లిప్ కుట్టు వేసి కలపండి. అక్కడే తొడిమకి 4 గొలుసులు వేసి, ఎనిమిది అంగుళాల తోక వదిలి కత్తిరించి, ఉచ్చులోంచి లాగి బిగించండి. ఈ తోకతోనే ఆకుని పట్టీకి కుడతాం. పొదుపు చేద్దామని పొట్టిగా కత్తిరిస్తే సూదిలోకి ఎక్కదు.

మొత్తం 36 కుట్లు, మొన దగ్గర 2 గొలుసులు. పొడవు నాలుగు అంగుళాలకు కాస్త తక్కువగా, మధ్యలో వెడల్పు అంగుళంపావు దాకా రావాలి.

ఇప్పుడు పరీక్ష. ఆకుని బల్ల మీద పెట్టి చెయ్యి తీసేయండి.

అంచులు లేచి పడవలా కనబడితే నడిమి గొలుసు బిగువుగా ఉంది. విప్పి 4 మి.మీ. హుక్‌తో గొలుసు వేయండి. అంచులు అలల్లా వణుకుతుంటే మీ చెయ్యి మరీ వదులు, లేదా ఎక్కడో ఒక పోగులో రెండు కుట్లు పడ్డాయి. ఆకు అరటిపండులా వంపు తిరిగితే రెండు వైపులా కుట్లు సమానంగా లేవు. వంపు లోపలివైపు ఏదో చూడండి, కుట్లు తగ్గింది ఆ వైపే. సాధారణంగా మొన దాటిన వెంటనే వచ్చే మొదటి పోగే తప్పిపోతుంది. అది మొన సింగిల్ కింద నక్కి ఉంటుంది, వేలితో సింగిల్‌ని పక్కకు జరిపితే కనబడుతుంది.

కొద్దిగా ముడుచుకుంటే మాత్రం విప్పక్కర్లేదు. అక్రిలిక్ ఆకుని దళసరి తువ్వాలు మీద పిన్నీసులతో చదునుగా గుచ్చి, ఆవిరి ఇస్త్రీపెట్టెని అంగుళం ఎత్తులో పట్టుకుని రెండు మూడు సెకన్లు ఆవిరి పట్టించి, పూర్తిగా చల్లారేదాకా కదపకండి. ఇస్త్రీపెట్టె ఆకుకి తగలకూడదు. తగిలితే ఊలు మెత్తబడి చచ్చిన పాము తోలులా జారిపోతుంది, మళ్లీ ఏం చేసినా బిగువు రాదు. కాటన్ ఆకైతే పల్చని గంజిలో ముంచి, పిండి, గుచ్చి నీడలో ఆరబెట్టండి. అక్రిలిక్‌కి గంజి పట్టదు, ఊరికే తెల్లని పొట్టు రాలుతుంది.

ఒక ఆకు పాసైందా? అయితే మిగతా పది అల్లేయండి. మొత్తం పదకొండు. బేసి సంఖ్య ఎందుకంటే ఒక ఆకు సరిగ్గా గుమ్మం మధ్యకి రావాలి.

బంతిపువ్వు

ఆకుకి లెక్క ప్రాణం. పువ్వుకి అంత పట్టింపు లేదు, రెండు మూడు కుట్లు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. కొత్తవాళ్లకు ధైర్యం వచ్చేది దీనితోనే.

1. మొదట్లో జానెడు తోక వదిలి 33 గొలుసులు, ఇవి మరీ వదులుగా. ఒక్కో గొలుసులోకి మూడు డబుల్స్ వెళ్లాలి కాబట్టి 4 మి.మీ. హుక్ వాడటమే మేలు.

2. హుక్ నుంచి నాలుగో గొలుసులో 2 డబుల్. వదిలేసిన మూడు గొలుసులూ ఒక డబుల్ కింద లెక్క, అంటే అక్కడ మూడు అయినట్టే.

3. మిగిలిన 29 గొలుసుల్లో ఒక్కోదానిలో 3 డబుల్. మొత్తం 90. నాలుగైదు గొలుసులు దాటగానే పని దానంతటదే జిలేబీ చుట్టలా మెలి తిరగడం మొదలెడుతుంది. అది తప్పు కాదు, కావలసిందే. సాగదీసి తిన్నగా చేయాలని చూడకండి.

4. అరమీటరు తోక వదిలి కత్తిరించండి.

5. పొట్టి తోక ఉన్న కొస నుంచి చుట్టడం మొదలుపెట్టండి. గొలుసు ఉన్న అంచు కిందికి, రేకల అంచు పైకి ఉండాలి. మొదటి రెండు చుట్లు బిగువుగా, తర్వాతవి వదులుగా చుట్టండి. అన్నీ బిగిస్తే మొగ్గలా ఉంటుంది, అన్నీ వదిలేస్తే మధ్యలో రంధ్రం పడుతుంది.

6. పొడవైన తోకని సూదికి ఎక్కించి, పువ్వు తిరగేసి, అడుగున ఒక పక్క నుంచి ఎదురు పక్కకి అన్ని చుట్లలోంచీ దూరేలా కుట్టండి. మళ్లీ అడ్డంగా, మళ్లీ ఐమూలగా. అడుగు చూస్తే నక్షత్రంలా దారాలు కనిపించాలి. చుట్టూ అంచు వెంబడి మాత్రమే కుట్టి వదిలేస్తే నడిమి చుట్టలు నెల తిరక్కుండానే బయటికి జారతాయి. మిగిలిన తోక కత్తిరించకండి, పట్టీకి కుట్టడానికి అదే.

పువ్వు రెండంగుళాల పైచిలుకు వ్యాసం వస్తుంది. పరీక్ష చాలా మోటుది. అడుగు ఒక చేత్తో పట్టుకుని, నడుమ ఉన్న రేకని, అంచున ఉన్న రేకని రెండో చేత్తో గట్టిగా లాగండి. రెండూ కదలకపోతే పువ్వు సిద్ధం.

ఐదు పసుపు, ఐదు నారింజ చేస్తే పది. రంగు ఇంకొంచెం ఆడాలంటే కారబంతి చేయండి. మెరూన్ ఊలుతో పైన చెప్పినట్టే 90 డబుల్ అల్లి, చుట్టే ముందు తిరుగు వరుసలో పసుపుతో ఒక్కో డబుల్ మీద ఒక్కో సింగిల్ వేయాలి. మెరూన్ రేకకి సన్న పసుపు అంచు పడుతుంది, అచ్చం తోటలో పూసినట్టు. రంగు మార్చేటప్పుడు మెరూన్ చివరి డబుల్‌ని పూర్తి చేయకండి. రెండు ఉచ్చులు మిగిలి ఉండగా పసుపు దారం పట్టి లాగండి. పూర్తి చేశాక మారిస్తే తర్వాతి కుట్టు నెత్తిన మెరూన్ చుక్క మిగిలిపోతుంది. ఈ పువ్వుకి మరో 4 మీటర్ల పసుపు ఊలు కలుపుకోండి.

రేకలు చదునుగా పడి మెలి తిరగకపోతే ఒక్కో గొలుసులో రెండే వేస్తున్నారేమో చూసుకోండి. సింగిల్‌ని డబుల్ అనుకుని వేస్తే పువ్వు పొట్టిగా కాసులా వస్తుంది.

పట్టీ

ఎక్కువమంది ముందు పట్టీ అల్లుతారు. ఆఖర్న అల్లడమే మంచిది. అప్పటికి చెయ్యి ఒక బిగువుకి అలవాటుపడి ఉంటుంది, కొలత తప్పదు.

1. ముందు కొలత ముక్క. 21 గొలుసులు వేసి, 20 సింగిల్స్ ఒక వరుస అల్లి టేపుతో కొలవండి. ఉదాహరణకి నాలుగుంపావు అంగుళాలు వచ్చిందనుకోండి. 40ని 4.25తో భాగించి 20తో గుణిస్తే 188. మనకు బేసి సంఖ్య కావాలి కాబట్టి 189. మీ ముక్క కొలత వేరైతే మీ సంఖ్య వేరు. అది ఏదైనా సరే, బేసిగా ఉండాలి.

2. ఆ సంఖ్యకు ఒకటి కలిపి గొలుసులు వేయాలి, మన ఉదాహరణలో 190. నిజానికి ఓ పది ఎక్కువే వేసేయండి. పొడవైన గొలుసులో లెక్క తప్పని చెయ్యి ఉండదు. మిగిలినవి మొదలు ముడి విప్పి వెనక్కి పీకేయొచ్చు, తక్కువైతే మాత్రం మొత్తం మళ్లీ మొదటికే.

3. మొదటి వరుస: రెండో గొలుసు నుంచి 189 సింగిల్. ప్రతి ఇరవయ్యో కుట్టుకి ఒక పిన్నీసు. తొమ్మిది పిన్నీసులు, ఆ తర్వాత తొమ్మిది కుట్లు. ప్రతిసారీ మొదటినుంచి లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

4. రెండో వరుస, జాలీ: 4 గొలుసులు వేసి పని తిప్పండి. ఒక కుట్టు వదిలి తర్వాతి దానిలో డబుల్. ఇక చివరిదాకా: 1 గొలుసు, ఒక కుట్టు వదలడం, 1 డబుల్. ఆఖరి డబుల్ కచ్చితంగా ఆఖరి కుట్టులోనే పడాలి. 94 కిటికీలు రావాలి. చివర్లో ఒక కుట్టు మిగిలిపోతే మీది బేసి కాక సరి సంఖ్య అయిందన్నమాట.

5. మూడో వరుస: 1 గొలుసు, తిప్పండి. ప్రతి డబుల్ నెత్తిన ఒక సింగిల్, ప్రతి కిటికీలో ఒక సింగిల్. ఆఖరిది ముందు వరుస మొదట్లో వేసిన నాలుగు గొలుసుల్లో మూడోదానిలో. మళ్లీ 189 రావాలి. పట్టీ ఒక చివర సన్నబడుతూ వస్తోందంటే ఈ ఆఖరి కుట్టే వదిలేస్తున్నారు.

6. నైలాన్ తాడుని జాలీలోంచి మూడు కిటికీలకొకసారి పైకీ కిందికీ దూర్చండి. తాడుకి రెండు చివర్లా ఉంగరంలా ముడి వేసి, ముడికీ ముడికీ మధ్య 40 అంగుళాలు ఉండేలా సరిచూసి, పట్టీ కొసల్ని తాడుకి గట్టిగా కుట్టేయండి. బరువు మోసేది ఇక తాడే, ఊలు కాదు. తాడు లేకుండా పట్టీని నేరుగా మేకులకు తగిలిస్తే ఊలు తన బరువుకి తానే సాగి మధ్యలో కుంగుతుంది. గుమ్మంలో పొడుగువాళ్ల తలకి తగిలేది ఆ కుంగిన ఆకే. తాడు కనబడకూడదంటే పట్టీ రంగుదే కొనండి.

అతుకుపని

పట్టీని రెండుగా మడిచి మధ్య ఎక్కడో చూసి పిన్నీసు పెట్టండి. నడిమి ఆకు అక్కడ. అక్కణ్ణుంచి అటు ఐదు, ఇటు ఐదు, నాలుగేసి అంగుళాల దూరంలో. కొస ఆకులు పట్టీ చివరికి వస్తాయి. ఒక చివర నుంచి మొదలెట్టి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలన్నీ రెండో చివర పోగుపడతాయి, అందుకే మధ్య నుంచే మొదలుపెట్టాలి.

కుట్టే ముందు ఆకులు, పువ్వులు అన్నీ పిన్నీసులతో తగిలించి, తోరణాన్ని ఒకసారి గుమ్మానికి కట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. మార్పులు చేసుకోవాలంటే ఇదే సమయం.

తర్వాత తొడిమ తోకని పట్టీ కింది అంచులో మూడు నాలుగు కుట్లలోంచి తీసి, వెనకవైపు ఒకసారి ఇటు, ఒకసారి ఎదురు దిక్కుకి దూర్చి కత్తిరించండి. ఒకే దిక్కులో దాచిన తోక ఉతికితే బయటికి వస్తుంది. ముడి వేసి చిన్నగా కత్తిరించేస్తే అక్రిలిక్ జారుడు ఊలు కదా, ముడి దానంతటదే విప్పుకుంటుంది.

పువ్వుల్ని రెండు ఆకుల నడుమ పట్టీ మీదే కుట్టండి, పట్టీ కింద వేలాడదీయకండి. వేలాడే బంతిపువ్వు ముఖం నేలచూపులు చూస్తుంది. పువ్వు అడుగు నాలుగు చోట్ల పట్టీకి పట్టాలి. ఒక్కచోటే కుడితే గుండ్రంగా తిరుగుతుంది.

ఆఖర్న ఆకు మొనకి పూస. ఇది సింగారానికి అనుకుంటారుగానీ, అసలు పని వేరే ఉంది. ఊలు ఆకు గ్రామున్నరకి మించదు. ఫ్యాను గాలికీ వీధి గాలికీ తిరగబడి వెనకవైపు చూపిస్తుంది. మొనన ఉన్న ఆ రెండు గొలుసుల సందులో ఒక పూసో మువ్వో కడితే తిన్నగా నిలబడుతుంది. మువ్వలైతే పొద్దస్తమానం మోగుతాయి, పక్కింటివాళ్లని కూడా దృష్టిలో పెట్టుకోండి.

కట్టేటప్పుడు, ఉతికేటప్పుడు

తాడు ఉంగరాల్ని రెండు మేకులకు తగిలించి, వీలైతే మధ్యలో మూడో మేకు కూడా కొట్టండి. మేకు కొట్టే వీల్లేని అద్దె ఇళ్లలో అంటించే కొక్కేలు చాలు, 70 గ్రాములు పెద్ద బరువేం కాదు. అంటించే ముందు ద్వారబంధం మీద నూనె జిడ్డు, పసుపు శుభ్రంగా తుడవాలి, లేకపోతే తెల్లారేసరికి ఊడి కిందుంటుంది.

దేవుడి మందిరానికి కట్టాలనుకునేవాళ్లకు గట్టి హెచ్చరిక. అక్రిలిక్ ఊలు మంట తగిలితే కరిగి, మండి, చర్మానికి అతుక్కుంటుంది. దీపారాధన జరిగే చోట, హారతి ఇచ్చే చోట దీన్ని కట్టొద్దు. దీపావళికి గుమ్మం పక్క గూళ్లలో ప్రమిదలు పెట్టేవాళ్లు ఆ పూట తోరణం తీసేయండి. కాటన్ కరగదు కానీ అంటుకుంటుంది, అదీ మంటకి దూరంగానే ఉండాలి. మందిరానికి నిజమైన మామిడాకులే మంచివి.

ఉతకడానికి చన్నీళ్లు, కాస్త షాంపూ. బకెట్లో పావుగంట నానబెట్టి, అరచేతుల మధ్య నొక్కి, తువ్వాల్లో చుట్టి నీళ్లు పీల్చనిచ్చి, నేల మీద పరిచి నీడలో ఆరబెట్టండి. పిండకండి, తీగ మీద వేలాడదీయకండి. తడి ఊలు బరువుకి ఆకులు అంగుళం సాగుతాయి. మీగడరంగు పట్టీ మీద పసుపు మరక పడితే కంగారు వద్దు, ఉతికి కాసేపు ఎండ తగలనిస్తే చాలావరకు పోతుంది. అయితే అదే ఎండ మెరూన్‌నీ నారింజనీ కూడా వెలిసేలా చేస్తుంది కాబట్టి మిగతా భాగం మీద గుడ్డ కప్పి ఆ మరక వరకే ఎండ చూపించండి.

దాచేటప్పుడు మడతపెట్టొద్దు. పాత పేపర్లు గొట్టంలా చుట్టి, దాని మీద తోరణాన్ని పువ్వులు బయటికి ఉండేలా చుట్టి సంచిలో పెట్టండి. అణిగిన బంతిపువ్వుని మళ్లీ విచ్చదీయాలంటే ఆవిరి పట్టించి, రేకలు ఒక్కొక్కటే వేలితో పైకి లాగాలి, ఒక్కో పువ్వుకి రెండు నిమిషాలు పడుతుంది.